దాపటెద్దు లేని డిజైన్

అది 1954 వేసవి. కర్నూలు రాజధాని అయి ఏడాది కూడా కాలేదు. ఎమ్మిగనూరులో ఒక చేనేత సంఘంలో నేను డిజైనర్‌గా చేరి అప్పటికి ఎనిమిది నెలలు. సంఘమంటే పెద్ద భవనం అనుకోకండి. రేకుల కప్పు కింద ఒక నూలు గోదాము, ఒక ఆఫీసు గది, వెనక పొడవాటి షెడ్డు, అంతే. ఆ షెడ్డులో పది డాబీ మగ్గాలు. మామూలు మగ్గాలు నేతగాళ్ల ఇళ్లలోనే ఆడేవి. డాబీలు మాత్రం సంఘం సొత్తు కాబట్టి షెడ్డులో ఉండేవి.

డాబీ అంటే ఏమిటో చెప్పకపోతే నా కథ ముందుకు నడవదు. బట్టలో పొడుగునా ఉండే దారాలు పడుగు, అడ్డంగా పోయేవి పేక. పడుగులో కొన్ని దారాలు పైకి లేస్తే వాటి కింద నుంచి పేక దూరుతుంది. ఆ దారాలను లేపే చట్రాన్ని షాఫ్ట్ అంటాం. మామూలు మగ్గానికి రెండో నాలుగో షాఫ్టులుంటాయి, కాలితో తొక్కితే లేస్తాయి. మా డాబీ మగ్గాలకు పదహారు. అన్నిటినీ కాళ్లతో తొక్కలేం కాబట్టి పైన ఒక చెక్క యంత్రం బిగించి, అందులో పెగ్గులనే చిన్న చిన్న చీలలు గుచ్చుతాం. ఆ పెగ్గుల వరసను బట్టి షాఫ్టులు లేచి బట్టలో పువ్వో చుక్కో పడుతుంది. పెగ్గులు ఎక్కడ గుచ్చాలో గ్రాఫ్ కాగితం మీద గళ్లు నింపి చెప్పేవాడు డిజైనర్. బొమ్మ గీయడం మా పనిలో పావు వంతు. దాన్ని పదహారు షాఫ్టుల్లోకి దించడం మిగతా ముప్పావు.

నేను ఆదోనిలో పుట్టి పెరిగినవాణ్ణి. మా నాయన జిన్నింగ్ మిల్లులో, అంటే పత్తి నుంచి గింజ తీసే మిల్లులో గుమాస్తా. పత్తి మధ్యే పెరిగాను గానీ చేనులో ఒక్క పూట పని చేసింది లేదు, బండి తోలింది లేదు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. మద్రాసులో రెండేళ్లు డిజైన్ చదువుకున్నాను. అక్కడి మాస్టారు మొదటి రోజే మాతో చెప్పారు, ఆలోచన వచ్చాక గీద్దామని కూర్చోవద్దు, గీస్తూ ఉంటే ఆలోచనే వస్తుంది అని. రోజుకొక పేజీ గీయమన్నారు. బాగుందా లేదా అని చూసుకోవద్దన్నారు.

ఆ మాట నాకు పిచ్చిలా పట్టుకుంది. మిల్లులో వాడకుండా మిగిలిన పాత కాగితాలుంటే మా నాయన తెచ్చి ఇచ్చేవాడు. వాటిని సమంగా కోసి, నూలు దారంతో కుట్టి, గాడా అనే ముతక గుడ్డ అట్ట వేసుకుని నా స్కెచ్‌బుక్ నేనే తయారు చేసుకున్నాను. చొక్కా జేబులో పట్టేంత పుస్తకం. అందులో ప్రతి బొమ్మనూ నాలుగు సార్లు గీసేవాణ్ణి. మొదటిది కంటికి ఎలా కనిపిస్తే అలా. రెండోది ఒట్టి గీతలతో. మూడోది గళ్లలో. నాలుగోది, అందులో ఒక మూల తీసుకుని పెద్దది చేసి. రబ్బరుతో చెరపకూడదని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పక్కన తేదీ, ఊరు, ఇది ఏ బట్టకు పనికొస్తుంది అని ఒక ముక్క రాసేవాణ్ణి.

ఊళ్లో జనానికి ఇదొక వినోదం. బస్సులో గీస్తాను, హోటల్లో దోసె వచ్చేలోపు గీస్తాను, క్షౌరం చేయించుకుంటూ అద్దంలో కనిపించే పంచాంగం గీస్తాను. షెడ్డులో వాళ్లు నాకు గీతలప్ప అని పేరు పెట్టేశారు. నాకు కోపం రాలేదు. లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

మే మొదటి వారంలో మద్రాసు నుంచి పార్సెల్ తిరిగి వచ్చింది. మేం పంపిన కర్టెన్ గుడ్డల నమూనాలు అందులో ఉన్నాయి. కొనాల్సిన వ్యాపారి శేషాద్రి గారు ఒక చీటీ కూడా పెట్టారు. ఈ పువ్వులూ ఈ చుక్కలూ సేలంలోనూ ఉన్నాయి, కన్ననూరులోనూ ఉన్నాయి, మీ ఊరిదని చెప్పుకోదగ్గది ఒక్కటి చూపించండి, ఈ నెలాఖరుకు స్వయంగా వస్తాను అని దాని సారాంశం. నా ముఖం మాడిపోయింది. ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. స్కెచ్‌బుక్‌లో ఎన్ని గీసినా, సంఘానికి ఇచ్చేటప్పటికి ధైర్యం చాలక మద్రాసు నుంచి తెచ్చుకున్న నమూనా పుస్తకాల్లోంచే దించి ఇచ్చాను.

సంఘం సెక్రటరీ గారు చీటీని రెండు సార్లు చదివి మడిచారు. ఆయన అరిచే మనిషి కాదు, అదే ఇంకా కష్టం.

"చూడప్పా, ఈ డాబీలు పెట్టిందే ఆయన కొంటాడని. ఈసారి కూడా వద్దంటే వాటిని తీసి మూల పడేసి, అందరి చేతా తువ్వాళ్లు నేయిస్తాను. నాకు వేరే దారి లేదు" అన్నారు.

ఈ మాట షెడ్డులోకి వెళ్లడానికి ఎంతసేపు. మధ్యాహ్నానికి ఉరుకుందప్ప వచ్చి షెడ్డు మూలనున్న నా బల్ల పక్కన నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి. డాబీ నేర్చుకోవడానికి మొదట ముందుకొచ్చింది ఆయనే. ఆ వయసులో గ్రాఫ్ కాగితం చదవడం నేర్చుకున్నాడు. నాకంటే బాగా చదువుతాడు కూడా. భార్య నరసమ్మ షెడ్డులోనే ఆయన మగ్గానికి పేక దారం తీసుకుపోయే నాడెలో పెట్టే కండెలు చుట్టేది, పెరట్లో నూలుకు గంజి పెట్టేది.

"సామీ, డాబీలు తీసేస్తారంట. నిజమేనా?"

"డిజైన్ కుదరకపోతే తీసేస్తారట."

"అట్లయితే నేను షోలాపురం పోతాను. మా బామ్మర్ది ఆడ మిల్లులో ఉండాడు, రమ్మని రెండు మాట్లు జాబు రాసినాడు. మల్లా తువ్వాళ్లు నేసేకి నా సేతులు ఒప్పుకోవు సామీ. ఒక తూరి పువ్వు నేసినాంక ఉత్త బట్ట నెయ్యమంటే ఎట్ల నేస్తాం?"

వెనక నరసమ్మ రాట్నం ఆగిపోయింది. ఆ ఊరు కాని ఊరు పోవడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదని షెడ్డులో అందరికీ తెలుసు. పుట్టిల్లు పక్కనే ఉన్న నందవరం, వారం వారం తండ్రిని చూసి వస్తేగాని ఆమెకు తోచదు. ఆ రాట్నం మళ్లీ తిరిగే దాకా నేను తల ఎత్తలేకపోయాను.

ఆ రోజు నుంచి స్కెచ్‌బుక్ మీద యుద్ధం ప్రకటించాను. రోజుకొక పేజీ పోయి ఐదారు పేజీలయ్యాయి. నులక మంచం అల్లిక గీశాను. శనక్కాయ పైన ఉండే జాలీ గీశాను. ఎండకు పగిలిన నల్లరేగడి నెర్రెలు గీశాను. అవి చూడటానికి బాగుంటాయి గాని షాఫ్టుల్లోకి రమ్మంటే రావు. ఒక నెర్రె లాగా ఇంకో నెర్రె ఉండదు, డాబీకి కావాల్సింది మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మ. పదిహేను రోజులకు పుస్తకం ముప్పావు నిండింది, చేతిలో డిజైన్ మాత్రం సున్న.

రంగు నూలు కోసం ఆదోని వెళ్లాల్సి వచ్చింది. ముందు రోజు సాయంత్రం ఆదోనిలో అకాల వాన కొట్టిందట. పొద్దున్నే పత్తి మార్కెట్ యార్డు వైపు నుంచి నడిచి వెళ్తున్నాను. చివరి కోత పత్తి ఇంకా వస్తూనే ఉంది. బండ్లు దించుకుని తిరిగి పోతున్నాయి. గేటు దగ్గర మెత్తటి నల్ల మట్టి మీద ఒకే ఒక్క బండి పోయిన జాడ, ఇంకా ఎవరూ తొక్కనిది, నీటుగా కనిపించింది. అటు ఒక చక్రం గీత, ఇటు ఒక చక్రం గీత, మధ్యలో ఎడ్ల గిట్టలు రెండు వరసలు. ఒక్కో గిట్ట రెండు ముక్కలుగా, కొసలు ముందుకు చూస్తూ.

మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మ, అదీ సమ దూరంలో, రెండు పక్కలా అంచు గీతలతో సహా, నేల మీద సిద్ధంగా నేసి పెట్టి ఉంది. అక్కడే గొంతుక్కూర్చుని గీయడం మొదలుపెట్టాను. వెనక నుంచి ఇంకో బండి వచ్చింది. నేను రెండు చేతులూ చాచి అడ్డం నిలబడ్డాను.

బండి తోలే పెద్దాయన పగ్గాలు లాగి పట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఏమైందప్పా, ఏమన్నా పారేసుకుంటివా?"

"లేదు పెద్దాయనా, దొరికింది. అయిదు నిమిషాలు ఆగు, ఈ జాడ తొక్కకు."

"బండి జాడకు కాపలా కాసేవాణ్ణి ఇప్పుడే సూస్తాండా" అని ఆయన చుట్ట తీసి వెలిగించుకున్నాడు. పాపం, చుట్ట సగం అయ్యేదాకా ఆగాడు.

నూలు తీసుకోవడంలో ఆలస్యమై బస్సు తప్పిపోయింది. నాకు చింతే లేదు. తర్వాతి బస్సు వచ్చే లోపల స్టాండులో కూర్చుని రెండో బొమ్మ, మూడో బొమ్మ గీసేశాను. ఎమ్మిగనూరు చేరేసరికి నా బుర్రలో గుడ్డ నేసేసి, మద్రాసులో కిటికీలకు వేలాడదీసేసి, శేషాద్రి గారి చేత మెప్పు కూడా పొందేశాను.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. పదహారు షాఫ్టుల్లో నాలుగు ఉత్త నేతకు పోతాయి. మిగిలేవి పన్నెండు. ఒక గిట్ట బొమ్మకే పన్నెండూ అయిపోయాయి. చక్రాల గీతలకు షాఫ్టులతో పని లేదు, లావు దారం ఎక్కిస్తే చాలు. కానీ గిట్టలు రెండు వరసలు కావాలంటే ఇరవై నాలుగు షాఫ్టులుండాలి. నేనేమీ బాధపడలేదు. రెండో వరసను కొట్టేశాను. బొమ్మను తేలిక చేయడం డిజైనర్ ధర్మమని మద్రాసులో నేర్చుకున్నాను కదా. రెండు చక్రాల గీతల మధ్య ఒకే వరస గిట్టలు, పొందికగా, చక్కగా ఉంది. దానికి బండిజాడ అని పేరు కూడా పెట్టాను.

సెక్రటరీ గారు గ్రాఫ్ చూసి తల ఊపారు. ఉరుకుందప్ప పెగ్గులు గుచ్చుకున్నాడు. తెల్ల నేల మీద నల్ల గిట్టలు. మరునాటికి జానెడు గుడ్డ నేశాడు. గిట్ట గిట్టలాగే పడింది. నేను షెడ్డంతా కలియ తిరుగుతూ కనిపించిన ప్రతివాణ్ణీ పిలిచి చూపించాను. అందరూ బాగుందన్నారు గాని ఎవరి ముఖంలోనూ నాకున్నంత సంబరం లేదు. ఉరుకుందప్ప కూడా తల ఎత్తకుండా నాడె విసురుతున్నాడు. కొత్తది కదా, అలవాటు కావాలి అనుకున్నాను.

శేషాద్రి గారు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ మధ్యాహ్నం నరసమ్మ కొత్త కండెలు తెచ్చి ఇవ్వడానికి మగ్గం దగ్గరికి వచ్చింది. గుడ్డ చూసింది. కండెల బుట్ట కింద పెట్టింది.

"ఈ బట్టకు నేను కండెలు సుట్టను" అంది.

ఉరుకుందప్ప తల దించుకున్నాడు. అంటే ఆయనకూ ముందే తెలుసన్నమాట, నాకు చెప్పడానికి మొహమాటపడ్డాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏమైందమ్మా? నాలుగు రోజులే ఉంది. దీని మీదే షెడ్డు నిలబడి ఉంది. నీ మొగుడు షోలాపురం పోకుండా ఉండేది దీని వల్లే."

"దాపటెద్దు యాడ?" అని అడిగింది.

నాకు అర్థం కాలేదు. బండికి కుడి వైపు కట్టేది వలపటెద్దు, మా వైపు నోటి మాటలో ఎలపట. ఎడమ వైపు కట్టేది దాపటెద్దు. ఆ పేర్లు తెలుసు గాని, వాటికీ నా డిజైన్‌కూ సంబంధం ఏమిటో తట్టలేదు.

"బొమ్మకు ఒక వరస చాలమ్మా. చూసేవాళ్లకు తెలుస్తుంది."

"తెలుస్తాది. ఆ ఇంట్లో ఒక ఎద్దు సచ్చిపోయిందని తెలుస్తాది. జోడు తప్పిన బండి జాడ ఇది. దీన్ని ఎవురన్నా ఇంట్లో యాలాడేసుకుంటారా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్టు నేను ఇంకా వాదించాను. మద్రాసులో వాళ్లకు ఎద్దులేం తెలుసు, దాపటెద్దేం తెలుసు అన్నాను. అప్పుడామె గొంతు పెంచకుండా చెప్పింది.

"నా పెండ్లికి ముందు సంగతి సామీ. మా దాపటెద్దు రోగమొచ్చి సచ్చిపాయ. పత్తి ఏరి కల్లంలో పోసి ఉంది, మబ్బు పట్టింది. బాడుగకు ఎద్దును ఇచ్చేవాళ్లు లేరు. మా నాయన దాపట పక్క కాడికి తన భుజం పెట్టినాడు. కల్లం నుంచి ఇంటి దాకా ఎద్దుతో పాటు ఈడ్చినాడు. ఎనకాల నేను నడస్తాండా. ఒక పక్క గిట్టలు, ఒక పక్క మా నాయన కాళ్లు. ఆ జాడ నేను సూసినాను. నువ్వు ఆ కాళ్లు గూడా తీసేసినావు."

నాకు సిగ్గుగా అనిపించింది, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గే. పత్తి దేశంలో పుట్టి, బండి జాడ అని పేరు పెట్టి, ఆ జాడ చదవడం రాని వాణ్ణి నేనొక్కణ్ణే. ఆ షెడ్డులో ప్రతి ఒక్కరూ చదివారు. అందుకే ఎవరి ముఖంలోనూ సంబరం లేదు.

జేబులోంచి స్కెచ్‌బుక్ తీశాను. ఎందుకు తీశానో తెలియదు, బహుశా నన్ను నేను సమర్థించుకోవడానికేమో. ఆదోనిలో గీసిన మొదటి బొమ్మ తెరిచాను. అందులో రెండు వరసలూ ఉన్నాయి. కళ్లు సరిగానే చూశాయి, చెయ్యి సరిగానే గీసింది, తర్వాత తెలివి వచ్చి చెడగొట్టింది.

నరసమ్మ పుస్తకంలోకి వంగి చూసింది. "ఉంది గదా దాపటిది. కానీ రెండూ ఒకే మాదిరి గీసినావు. అట్ల ఉండవు" అంది.

"మరి ఎట్లుంటాయి?"

ఆమె చేతులకు అప్పటికే నల్ల గంజి ఉంది. పెరట్లో నల్ల నూలుకు గంజి పెడుతూ మధ్యలో లేచి వచ్చింది. ఆ గంజి చట్టి తెచ్చి, కుడి చేతి రెండు వేళ్లు ముంచి నా పుస్తకంలో ఎడమ వైపు ఉన్న ఖాళీ పేజీ మీద ఒత్తింది. వేళ్ల కొసలు కొంచెం బయటికి వాలాయి.

"ఇది ఎలపటెద్దు." తర్వాత ఎడమ చేతి రెండు వేళ్లు ముంచి దాని పక్కన ఒత్తింది. అవి ఇటు వైపు వాలాయి. "ఇది దాపటిది. ఒకటి అటు ఒరుగుతాది, ఒకటి ఇటు ఒరుగుతాది. మధ్యన నొగ ఉంటాది గదా. మంచి జోడైతే అడుగు గూడా కలుస్తాది. రెండూ ఒక్క తూరే పడతాయి."

నొగ అంటే బండి నుంచి కాడి దాకా రెండు ఎడ్ల మధ్యగా పోయే కొయ్య. దానికి అటు కుడి చెయ్యి, ఇటు ఎడమ చెయ్యి. ఒకదానికొకటి అద్దంలో బొమ్మలు. పేజీ మీద ఆ నాలుగు వేళ్ల గుర్తులు చూస్తూ ఉన్న నాకు ఒక్కసారి కళ్ల ముందు పొర తొలగినట్టయింది.

మా పనిలో పాయింటెడ్ డ్రాఫ్ట్ అని ఒక పద్ధతి ఉంది. పడుగు దారాలను షాఫ్టుల్లోకి ఎక్కించేటప్పుడు ఒకటి నుంచి పన్నెండు దాకా పోయి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం మామూలు. అలా కాకుండా పన్నెండు దాకా పోయి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి ఒకటి దాకా వస్తే, అవే పన్నెండు షాఫ్టులు పక్కనే బొమ్మను తిరగేసి మళ్లీ నేస్తాయి. అదనంగా ఒక్క షాఫ్టు అక్కర్లేదు. అయితే రెండు బొమ్మలూ ఒకేసారి పడతాయి, ముందూ వెనకా పడవు. అంటే రెండు ఎద్దులూ కలిసి అడుగు వేయాల్సిందే. నాకు కావాల్సిందీ అదే. నేను మద్రాసులో చదివి పరీక్ష రాసి మరిచిపోయిన పాఠం నరసమ్మ వేళ్లలో ఉంది.

"ఉరుకుందప్పా, గిట్ట పడే దారాలు తెంపి మళ్లీ ఎక్కించాలి. పోయి తిరిగి రావాలి. పన్నెండు దాకా పో, వెనక్కి రా" అన్నాను. మాట మాటా కలిసిపోతోంది.

ఆయన ఒక్క నిమిషం నా పుస్తకంలో పేజీ వైపు, తన మగ్గం వైపు మార్చి మార్చి చూశాడు. పెదవుల మీద ఏదో లెక్క పెట్టుకున్నాడు. తర్వాత నవ్వాడు. ఆ నెలలో ఆయన నవ్వడం అదే మొదలు.

"నొగ కాడ నుంచి ఎనక్కి తిరుగుతాది. అంతే గదా సామీ?"

"అంతే."

"రెండు దినాల్లో ఎక్కిస్తాం. ఏమే, కూసో" అని భార్యకు చోటిచ్చాడు. ఆమె ఒక్కో దారం అందిస్తుంటే ఆయన షాఫ్టు కంట్లోంచి లాగాడు. తప్పు పోకుండా నేను పక్కన కూర్చుని అంకెలు చదివాను. పన్నెండు దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆయన "తిప్పు బండి" అనేవాడు, ముగ్గురం నవ్వుకునేవాళ్లం. పక్క మగ్గాల వాళ్లు కూడా వచ్చి చూసి పోయారు. ఈసారి ఎవరినీ నేను పిలవలేదు.

మూడో నాటి పొద్దున మొదటి జత గిట్టలు పడ్డాయి. పది పేకలు, ఇరవై పేకలు, గిట్టల కొసలు మెల్లగా విచ్చుకున్నాయి. మధ్యన నొగ లాగా ఒక సన్న గీత, అటొకటి ఇటొకటి ఎడ్లు, వాటికవతల చక్రాలు. నరసమ్మ మగ్గం మీదికి వంగి, బట్టను చేత్తో తాకి చూసింది. పోయి రాట్నం దగ్గర కూర్చుంది. దాని చప్పుడు మొదలవగానే నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

శేషాద్రి గారు చెప్పిన రోజుకే వచ్చారు. సన్నటి మనిషి, తెలుగు బాగానే మాట్లాడతారు. ఆఫీసులో పరిచిన పాత నమూనాలను ఒక్క చూపుతో దాటేసి, షెడ్డులోకి వచ్చి ఉరుకుందప్ప మగ్గం ముందు ఆగారు. మేం నేసిన గజం గుడ్డను తీయించి, కిటికీకి అడ్డంగా ఎత్తి పట్టించారు. చాలాసేపు చూశారు. చెప్పాల్సిన మాటలన్నీ బట్టీ పట్టి ఉంచాను, ఒక్కటీ గుర్తు రాలేదు.

"ఇది ఏమిటండీ?" అని అడిగారు.

నేను నోరు తెరిచేలోపే ఉరుకుందప్ప చెప్పాడు. "బండి సామీ. ఆదోనిలో పత్తి దించి ఇంటికి పోతాంది."

"పత్తి దించిందని నీకెట్లా తెలుసు?"

"గిట్టలు సన్నగా ఉండాయి గదా. బరువుంటే గిట్ట ఇచ్చుకుంటాది, లోతు పడతాది. ఇది ఉత్త బండి. జోడు సుకంగా పోతాంది."

నేను గళ్లు నింపేటప్పుడు ఇవేవీ అనుకోలేదు. గిట్ట సన్నగా ఉన్నది పన్నెండు షాఫ్టుల్లో అంతకంటే వెడల్పు పట్టక. అయినా ఆయన చెప్పాక నాకూ ఆ బండి ఇంటికే పోతున్నట్టు కనిపించింది. శేషాద్రి గారు గుడ్డను మడిచి తన సంచిలో పెట్టుకున్నారు. తర్వాత, ఇది ఎక్కడి నుంచి పుట్టిందో ఆ పుస్తకం ఒకసారి చూపించమన్నారు. స్కెచ్‌బుక్ ఇచ్చాను. ఒక్కో పేజీ తిప్పి, నులక మంచం దగ్గర ఒకసారి, శనక్కాయ దగ్గర ఒకసారి ఆగి, వీటిని కూడా నేయించి పంపమన్నారు. నేను పనికిరావని వదిలేసిన పేజీలవి. గంజి మరకల పేజీ దగ్గర ఆయన చాలాసేపు ఆగారు.

"ఈ బొమ్మ మీ చేతిది కాదే."

"కాదండీ. మా నరసమ్మది" అన్నాను. రాట్నం దగ్గర ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

డాబీలు పదీ నిలిచాయి. బండిజాడ ఆ ఏడూ పై ఏడూ కూడా ఆడింది. ఉరుకుందప్ప షోలాపురానికి రాలేనని బామ్మర్దికి కార్డు రాయించాడు, రాసింది నేనే. నరసమ్మ చివర మిగిలిన ఒక ముక్క అడిగి తీసుకుని నందవరంలో తండ్రికి ఇచ్చి వచ్చింది. ముసలాయన దాన్ని పరుచుకున్నాడా, కప్పుకున్నాడా అని అడిగాను.

"రెండూ లేదు సామీ. అటక మీద పాత కాడి ఉంది. దించి, తుడిసి, దాని మీద కప్పినాడు" అని చెప్పింది.

ఆ తర్వాత చాలా ఏళ్లు డిజైన్ పని చేశాను, చాలామందికి నేర్పాను కూడా. స్కెచ్‌బుక్ ఎందుకని పిల్లలు అడిగితే, ఆలోచనలు పుట్టడానికి అని మా మాస్టారు చెప్పినదే చెప్పేవాణ్ణి. దానికి ఎమ్మిగనూరులో నేర్చుకున్నది ఒకటి కలిపేవాణ్ణి. గీసిన పుస్తకాన్ని జేబులో దాచుకుంటే అందులో ఉండేది సగం ఆలోచనే. ఆ వస్తువుతో బతికినవాళ్ల ముందు తెరిచి పెట్టాలి, తప్పు పడితే పట్టనివ్వాలి. అందుకే ఆ వేసవి నుంచి నేను కుట్టుకున్న ప్రతి పుస్తకంలోనూ కుడి వైపు పేజీలో మాత్రమే గీశాను. ఎడమ పేజీ, అంటే దాపటిది, ఖాళీగా వదిలాను. అది చూసినవాళ్లది.

పుస్తకాలు చాలా పోయాయి, కొన్ని చెదలు తిన్నాయి. ఆ మొదటిది మాత్రం ఉంది. గంజి ఆరి ఆ పేజీ అట్టలా గట్టిపడిపోయింది. ఎక్కడ తెరవాలని చూసినా పుస్తకం తనంతట తాను అక్కడే తెరుచుకుంటుంది.